ఏడాదిలో నాలుగుసార్లు కాలిన బోరు మోటారు: ఒక కేస్ స్టడీ

ఫోన్‌లో ఆయన అడిగింది ఒక్కటే. “సార్, ఏ కంపెనీ మోటరైతే కాలకుంట ఉంటది?”

నేను పదకొండేళ్లు వైండింగ్ షాపులో, అంటే కాలిన మోటార్లకు రాగి తీగ తిరిగి చుట్టే చోట పనిచేశాను. ఆ తర్వాత రైతు సంఘాల తరఫున పంపుసెట్ల పని చూస్తున్నాను. ఈ ప్రశ్న లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఏదో ఒక కంపెనీ పేరు చెబితే అడిగినవాళ్లు సంతోషంగా ఫోన్ పెట్టేస్తారు. ఈసారి చెప్పలేదు. ఏడాదిలో నాలుగుసార్లు కాలిందని, నాలుగోసారి కాలింది కొని ఐదు నెలలు కూడా కాని కొత్త మోటారని ఆయన అన్నాడు. అన్ని కంపెనీలూ ఒకే రైతుకు చెడ్డ మోటార్లు అమ్మవు కదా. వస్తానని చెప్పాను.

ఊరు, మనుషుల ఆనవాళ్లు రాయడం లేదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా వైపు ఊరని చెబితే చాలు. ఈ కేసులో నా తప్పు కూడా ఉంది. రాయడానికి అదే ముఖ్య కారణం.

కుటుంబం, బోరు

నాలుగున్నర ఎకరాలు, ఒకటే బోరు. ఆయన, భార్య, ముసలి తల్లి ఊళ్లో ఉంటారు. కొడుకు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. యాసంగిలో రెండెకరాలు వరి, ఎకరంన్నర పల్లి వేస్తారు. రెండు బర్రెలున్నాయి. వరి ఇంటి బియ్యానికి, గడ్డి బర్రెలకు. వరి మానేయమని చెప్పి పోయే అధికారులను చాలామందిని చూశారు కాబట్టి, నేను అడగకముందే ఆ ముసలమ్మ, “వరి ఇడిచిపెట్టమని మాత్రం చెప్పకు బిడ్డా” అంది.

ఆరున్నర అంగుళాల బోరు, 280 అడుగులు. మోటారు 240 అడుగుల దగ్గర. బోరు వేసినప్పుడు 180 దగ్గర ఒక ఊట, 230 దగ్గర ఇంకో ఊట తగిలాయని ఆయనకు బాగా గుర్తు. రైతు పెళ్లి తేదీ మరిచిపోతాడేమో గానీ ఊట ఎన్ని అడుగుల దగ్గర తగిలిందో మరిచిపోడు. ఆ రెండు అంకెలూ నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకుని పక్కన పెట్టేశాను.

అప్పటిదాకా వాళ్లు చేసినవి

మొదట 5 హెచ్‌పీ మోటారు ఉండేది. ఫిబ్రవరిలో కాలింది. లేపడం, దించడం, వైండింగ్, బుష్‌లు (ఇరుసు తిరిగే తొడుగులు), ఆటో కిరాయి కలిపి 10,000. ఏప్రిల్‌లో మళ్లీ కాలింది, 10,500. మొదటి షాపు మీద నమ్మకం పోయి రెండోసారి వేరే షాపుకు తీసుకెళ్లారు. ఆగస్టులో మూడోసారి. ఈసారి షాపతను, “నీళ్లు సరిపోక చిన్న మోటరు రాత్రింబగళ్లు ఒత్తిడి పడుతోంది, 7.5 వేసుకో” అన్నాడు. కొత్త సెట్టు, దించుడు కలిపి 39,500 అయింది. పాత 5 హెచ్‌పీ సెట్టు కాలినదే కొట్టంలో మూలన పడేశారు. డిసెంబరులో, నారు పోసిన పది రోజులకే కొత్తదీ కాలింది. వైండింగ్ కాలితే గ్యారెంటీ వర్తించదని బిల్లు వెనక అచ్చువేసి ఉంది. ఇంకో 13,500.

మొత్తం 73,500. అందులో 50,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకు వెయ్యి వడ్డీకే పోతోంది.

ఈ లెక్కలన్నీ ఇంత కచ్చితంగా దొరకడానికి కారణం ఆయన భార్య. గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్క, కూలీల లెక్కతో పాటు “మోటరు” అని తేదీ కింద రాసి, పక్కన ఖర్చు వేసేది. నాలుగు తేదీలూ చూశాను. మూడింటి పక్కన “పొద్దుగాల చూస్తె నీళ్లు లేవు” అని ఉంది. అంటే మూడుసార్లు రాత్రి ఎవరూ లేనప్పుడు కాలింది. అసలు విషయం నా కళ్లెదుటే గోడకు వేలాడుతోంది. నేను దాన్ని తప్పుగా చదివాను.

నా మొదటి అంచనా

స్టార్టర్ దగ్గర వోల్టేజీ కొలిచాను. మూడు ఫేజుల, అంటే మోటారుకు వచ్చే మూడు కరెంటు తీగల మధ్య 372, 355, 338 ఉన్నాయి. ఉండాల్సింది 415. రెండు చెడులు ఒకేసారి కనిపించాయి. వోల్టేజీ తక్కువ, పైగా ఫేజుల మధ్య తేడా. సగటు 355. దాని నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న ఫేజు తేడా 17, అంటే 4.8 శాతం. మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. తేడా శాతాన్ని దానితోనే హెచ్చించి రెట్టింపు చేస్తే, వైండింగ్ వేడి మామూలుకన్నా ఎంత శాతం ఎక్కువ పెరుగుతుందో తెలుస్తుంది. ఇక్కడ అది 46 శాతం. ఇలాంటి మోటార్లలో తీగకు ఉండే పీవీసీ తొడుగు 70 డిగ్రీలు దాటితే నిలవదు. కాలడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి అనిపించింది.

పైగా ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏది. 5 హెచ్‌పీ మోటార్లయితే నాలుగు, మహా అయితే ఐదు మోయగలదు. దాని మీద ఏడు నడుస్తున్నాయి. కాగితం మీద 5 అని ఉండి బోరులో 7.5 ఉన్నవి రెండు. అందులో ఒకటి మనవాళ్లదే. ట్రాన్స్‌ఫార్మర్‌ను తిడుతున్నవాళ్లలో ఆయనే ముందున్నాడు కాబట్టి ఈ మాట చెప్పడానికి కొంచెం ఇబ్బంది పడ్డాను.

అందరికీ ఆటో స్టార్టర్లే, కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు. చాలామంది తీయలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏడు మోటార్లూ ఒకే క్షణంలో లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, లేవలేని మోటారు అక్కడే మూలుగుతూ వేడెక్కుతుంది. క్యాలెండర్‌లో “పొద్దుగాల చూస్తె” అన్న మాటను నేను ఈ లెక్కలో వేసుకున్నాను. రాత్రి కరెంటు పోయి వచ్చింది, అందరివీ ఒకేసారి లేచాయి, మనది కాలింది అని.

ఆటో స్టార్టర్ తీసేయమని మాత్రం చెప్పలేకపోయాను. బోరు ఇంటికి కిలోమీటరు పైన ఉంటుంది. రాత్రి రెండింటికి గట్ల మీద పడి వెళ్లడమంటే పాములున్న చోటికి వెళ్లడమే. ఆ భయం నిజమైనది. దాన్ని లెక్కలోకి తీసుకోని సలహా ఎవరూ పాటించరు.

అప్పుడు చేయించినవి ఇవి. లైన్‌మన్‌ను పిలిపించి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వదులుగా ఉన్న ఒక ఫేజు లగ్గు (తీగ కొసను బిగించే ముక్క) బిగించాం. ఎండిపోయిన ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోశాం. కెపాసిటర్ పెట్టాం. స్టార్టర్‌లో కరెంటు మించితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ముల్లును చివరిదాకా తిప్పి పెట్టి ఉంది. మాటిమాటికీ పడిపోతోందని వాళ్లే తిప్పుకున్నారట. దాన్ని సరైన చోటికి తెచ్చాను. మొత్తం 3,000 లోపే అయింది. వోల్టేజీ 368, 362, 351కి వచ్చింది. తేడా 2.6 శాతానికి దిగింది. అదే లెక్క ప్రకారం అదనపు వేడి 46 నుంచి 14 శాతానికి తగ్గింది. ఆ అంకె చూసి తృప్తి పడ్డాను. జనవరి మొదటి వారంలో నాట్లు పడ్డాయి, రెండెకరాలూ.

నలభై రోజులకు ఆమె ఫోన్ చేసింది. “అన్నా, మళ్ల కాలింది.”

విప్పి చూస్తే

మోటారును లేపాక షాపులో విప్పేటప్పుడు నేను అక్కడ ఉండాలని పట్టుబట్టాను. మొదటిసారే చేయాల్సిన పని అది. కాలిన వైండింగ్ తనెందుకు కాలిందో తానే చెబుతుంది. మూడు ఫేజుల కాయిల్స్ ఒకే తీరుగా నల్లబడితే ఓవర్‌లోడో, తక్కువ వోల్టేజీయో. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజులు మాడి ఒకటి శుభ్రంగా ఉంటే సింగిల్ ఫేజింగ్, అంటే ఒక ఫేజు పోయి మిగతా రెండింటి మీదే నడవడం. ఒకే చోట చిల్లుపడినట్టు ఉంటే తీగ గీసుకుపోవడమో, జాయింటులోంచి నీళ్లు దిగడమో. అయితే షాపులో ఆ సాక్ష్యం గంటసేపు కూడా నిలవదు. మోటారు రాగానే తీగ లాగేస్తారు, పాత రాగి తూకం వేసి బిల్లులో తగ్గిస్తారు. వైండింగ్ చేసే అతన్ని నేను తప్పుపట్టను. అతనికి డబ్బులిచ్చేది తీగ చుట్టినందుకు, కారణం చెప్పినందుకు కాదు. నేనూ పదకొండేళ్లు అలాగే చుట్టాను.

ఈ మోటారులో మూడు ఫేజులూ సమానంగా నల్లబడ్డాయి. అది నా మొదటి అంచనాకు సరిపోతుంది. అక్కడితో ఆగి ఉంటే మళ్లీ పొరపడేవాణ్ని. కింద ఇరుసు బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ కార్బన్ పగిలి ఉంది. బుష్‌లు మాడి గోధుమరంగుకు తిరిగాయి. పంపు వైపు నీళ్లను పైకి తోసే ప్లాస్టిక్ చక్రాలు, ఇంపెల్లర్లు, రెండు కరిగి అతుక్కుపోయాయి. వోల్టేజీ తక్కువైతే ఇంపెల్లర్లు కరగవు. నీళ్లు లేకుండా తిరిగితేనే కరుగుతాయి.

అప్పుడు నోటుబుక్కులో పక్కన పెట్టేసిన ఊటల లోతులు గుర్తొచ్చాయి. బోరులో నీళ్లలోకి దించే సబ్‌మెర్సిబుల్ సెట్టులో పంపు పైన, మోటారు కింద ఉంటాయి. నీళ్లు లోపలికి వెళ్లే జాలీ రెండింటి మధ్య ఉంటుంది. మోటారు చల్లబడేది దాని పక్కనుంచి నీళ్లు పైకి పారితేనే. ఈ బోరులో రెండు ఊటలూ మోటారుకు పైనే ఉన్నాయి. పైనుంచి దిగిన నీళ్లు జాలీలోకి అటే పోతాయి, మోటారు దాకా వెళ్లే పనే లేదు. అంటే మోటారు నీళ్లలో మునిగే ఉంది, కానీ కదలని నీళ్లలో. దానికి తోడు బోరు ఇచ్చే దానికంటే ఎక్కువ లాగే 7.5 హెచ్‌పీ పంపు. రాత్రి నీళ్లు జాలీ దాకా దిగిపోయి పంపు గాలి పీల్చుకుంటూ తిరుగుతుంటే ఆపడానికి ఎవరూ లేరు. కాలిన మూడు రాత్రుల రహస్యం అదే.

“బోరు గ్యాప్ ఇస్తుందా?” అని అడిగాను, అంటే మధ్యమధ్యలో నీళ్లు ఆగి గాలి వస్తుందా అని.

“చలికాలం నుంచే ఇస్తది సార్. మీరు అడగలేదు” అన్నాడు.

నిజమే, అడగలేదు. మీటరులో అంకె కనబడగానే రైతును అడగడం మానేశాను.

తర్వాతి నిర్ణయాలు

పైరు ఎండుతోంది. ఆలోచించుకోవడానికి రెండు రోజులే ఉన్నాయి. 7.5 మోటారుకు మళ్లీ వైండింగ్ చేయించడం తేలిక దారి. షాపతనూ అదే అన్నాడు, రైతుకూ అదే ఇష్టం. పెట్టిన 39,500 కళ్లముందు ఉంటుంది కదా. ఆ డబ్బు ఎలాగూ పోయిందని, ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఇకముందు పెట్టబోయే రూపాయి సంగతేనని చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. చివరికి ఒప్పించింది నేను కాదు. కొడుకు ఫోన్‌లో, “నాయనా, బోరుల నీళ్లు లేనప్పుడు పెద్ద మోటరు ఏం తెస్తది?” అన్నాడు.

కాలిన 7.5 సెట్టును ఉన్నది ఉన్నట్టు షాపుకే 11,000కు ఇచ్చేశాం. కొట్టంలో ఉన్న పాత 5 హెచ్‌పీని బయటకు తీసి వైండింగ్, కొత్త బుష్‌లు, ఇంపెల్లర్లు వేయిస్తే 11,500 అయింది. ఆరు రోజుల్లో బోరులోకి దించాం. దించేటప్పుడు ఒక పైపు తగ్గించి 220 దగ్గర ఆపాం. 230 ఊట మోటారు కిందకు వచ్చింది కాబట్టి ఆ నీళ్లు మోటారును రాసుకుంటూ పైకి రావాలి. 20 అడుగుల నీటి నిల్వ పోతుందని ఆయన బాధపడ్డాడు. ఆ 20 అడుగుల నీళ్లు ఒక్కసారే వస్తాయి, ఊట రోజూ వస్తుంది అన్నాను. మోటారు చుట్టూ పైపు తొడిగి నీళ్లను పక్కనుంచి పారించే పద్ధతి కూడా ఆలోచించాను. ఆరున్నర అంగుళాల బోరులో ఈ మోటారుకు అంత సందు లేదు.

కేబుల్ సంగతి కూడా చూశాను. బోరు నుంచి స్టార్టర్ దాకా 120 మీటర్ల పొడవున 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఉంది. 7.5 మోటారుతో అందులోనే 20 వోల్టులకు పైగా పోయేవి. 5 హెచ్‌పీతో 17 దాకా పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 10కి తగ్గుతుంది. పుస్తకం ప్రకారం మార్చాలి. కానీ 7 వోల్టుల కోసం పాతిక వేలు పెట్టే ఇల్లు కాదు అది. జాయింట్లు మాత్రం కొత్తగా వేయించి ఊరుకున్నాను.

దించాక డ్రమ్ము పరీక్ష పెట్టాం. 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్‌లో స్టాప్‌వాచ్. వాల్వు పూర్తిగా తెరిస్తే మొదట డ్రమ్ము 70 సెకన్లలో నిండింది. ముప్పావు గంట తర్వాత గ్యాప్ ఇవ్వడం మొదలైంది. వాల్వును కొద్దికొద్దిగా మూస్తూ పోతే 100 సెకన్ల దగ్గర గ్యాప్ ఆగింది. మూడు గంటలు కదలకుండా పోసింది. సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200. బోరు ఇవ్వగలిగింది అంతే. ఆ నీటిని ఆ లోతు నుంచి లేపడానికి 5 హెచ్‌పీ సరిపోగా కొంచెం మిగులుతుంది కూడా. వాల్వును అక్కడే ఉంచి, పిడి ఊడదీసి ఆమె చేతికి ఇచ్చాం. ఆయన చేతికి కాదు.

స్టార్టర్ స్థానంలో 6,000 పెట్టి చిన్న ప్యానెల్ వేయించాం. ఒక ఫేజు పోతే ఆపేస్తుంది. నీళ్లు తగ్గినా ఆపేస్తుంది, అదీ బోరులోకి ఏ సెన్సరూ దించకుండా. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఈ మోటారు 9.5 ఆంపియర్లు లాగుతోంది, గాలి పీలుస్తున్నప్పుడు 6.5కి పడిపోతోంది. బరువు లేని బండిని ఎద్దు తేలిగ్గా లాగినట్టు. 7.5 ఆంపియర్ల దగ్గర గీత పెట్టాం. అంతకంటే తగ్గితే ఆగి, 45 నిమిషాలు ఊట పట్టాక తిరిగి మొదలవుతుంది. ఆటో ఉండనే ఉంది, రాత్రి పొలానికి పోయే పని లేదు.

మోటారు లేపి దించడం 3,500తో కలిపి మొత్తం 21,000. అమ్మిన సెట్టు డబ్బు పోను చేతి నుంచి పడింది 10,000.

వరి

డబ్బు లెక్క కంటే ఇది కష్టమైంది. వాళ్ల తేలిక నేలలో వరికి రోజుకు 10 మిల్లీమీటర్ల నీళ్లు వేసుకున్నా రెండెకరాలకు 80,000 లీటర్లు కావాలి. గంటకు 7,200 చొప్పున 11 గంటలు. పల్లికి వేరే. మార్చి, ఏప్రిల్‌లో ఊట ఇంకా తగ్గుతుంది. నాటిన రెండెకరాలూ గట్టెక్కవని లెక్క చెబుతోంది. వదలక తప్పదంటే ఏది వదలాలి?

నేను అంకెలు చెప్పి ఊరుకున్నాను. ఆయన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు చివరి మడి, 20 గుంటలు, నీళ్లు ఆపేశాడు. కాలువ చివర ఉన్నదీ, నీళ్లు ఎక్కువ ఇంకేదీ అదే. పచ్చిగా ఉండగానే కోసి బర్రెలకు వేశారు. ముసలమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదని తర్వాత తెలిసింది. మిగిలిన ఎకరంన్నర నిలబడింది. మరుసటి యాసంగి నుంచి వరి ఎకరమే వేసి, పల్లికి స్ప్రింక్లర్లు పెట్టారు.

కుదరనిది

ట్రాన్స్‌ఫార్మర్ సమస్య పూర్తిగా తీరలేదు. ఏడుగురు రైతులనూ వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఆటో స్టార్టర్లకు టైమర్లు పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరు రెండు నిమిషాల తేడాతో లేచేలా చేసుకుందామన్నాను. నలుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు, “ముందు ఎవరిది లేవాలె?” అన్న దగ్గరే ఆగిపోయారు. ఒకాయన రానే లేదు. రెండో 7.5 మోటారు ఆయనదే. ఆ వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మళ్లీ పోయింది. మనాయన కర్ర పట్టుకుని తానే ఎక్కబోతుంటే లైన్‌మన్ వచ్చేదాకా ఆమె ఆపిందట. ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ఉన్నారు. ఒకరోజు నీళ్లు ఆగితే ఎంత నష్టమో లెక్కవేసి చూపించాను. వెయ్యి కూడా దాటలేదు. ఆ లెక్క ఆయన మీద పనిచేసిందో, భార్య మాట పనిచేసిందో చెప్పలేను. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు దరఖాస్తు పెట్టారు, డీడీలు కట్టారు. రావడానికి ఏడాదిన్నర పట్టింది.

నా పని పద్ధతిలో రెండు మారాయి. వోల్టేజీ కొలిచే ముందు డ్రమ్ము పరీక్ష పెడుతున్నాను. ఆ షాపతనితో ఒక ఒప్పందం చేసుకున్నాను. మా సంఘం రైతుల మోటారు వస్తే తీగ లాగకముందు కాయిల్స్, బుష్‌లు, బేరింగ్ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాలి. ఫొటోకు యాభై రూపాయలు ఇస్తానంటే తీసుకోలేదు. ఇప్పుడు ఆ ఫొటోల కింద అతనే, “ఇది టూ ఫేజ్ మీద నడిపిండు” అని రాసి పంపుతున్నాడు.

తర్వాత మూడేళ్లలో ఆ మోటారు ఒక్కసారే పైకి వచ్చింది, కేబుల్ జాయింటులో నీళ్లు దిగి. 4,200 ఖర్చు. క్యాలెండర్‌లో ఉంది. వడ్డీకి తెచ్చిన అప్పు రెండో ఏడు తీరింది.

మొన్న డిసెంబరులో అటు వెళ్తే ఆయన బోరు దగ్గర డ్రమ్ము పెట్టుకుని, ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు, మాట్లాడించొద్దని. డ్రమ్ము నిండాక ఫోన్ చూపించాడు. 118 సెకన్లు.

“ఈసారి ముప్పై గుంటలే ఏస్త సార్” అన్నాడు. “మా అమ్మకు మీరు చెప్పుండ్రి.”